పునర్వసులో రెండో చుక్క

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తర్వాత వచ్చిన మూడో వేసవి. మార్చి నెల ఆఖరి శనివారం, సాయంత్రం ఏడుంబావు. గంట ఇంత కచ్చితంగా ఎట్లా తెలుసంటే, మా ఊరి హైస్కూలు సారు తన చేతి గడియారాన్ని లాంతరు దగ్గర పెట్టి చూసి, నోటుబుక్కులో రాసుకుంటూ పైకి చదివాడు. రోజు ఎట్లా గుర్తుందంటే, మరుసటి రోజు మాకు పునరుత్థాన పండుగ, అదే ఈస్టరు. తెల్లవారకముందే సమాధుల దగ్గరికి పోవాలి. అందుకని నా భార్య ఇంటికి పోదాం పోదామని సతాయిస్తూనే ఉంది.

అప్పుడు మా మార్కాపురం కర్నూలు జిల్లాలో ఉండేది. నేను పలకల కార్ఖానాలో రాయి రుద్దేవాణ్ని. ఇరవై ఆరో, ఇరవై ఏడో ఉంటాయి నాకు. అక్షరం ముక్క రాదు. యాభై దాటాక రాత్రి బడిలో కూర్చుని నేర్చుకున్నాను. అందరూ నవ్వారు, నవ్వనిచ్చాను. ఇది నా చేత్తోనే రాస్తున్నాను.

పలక పని తెలియనివాళ్లకు నాలుగు మాటలు చెప్పాలి, లేకపోతే నేను చేసిన తప్పు అర్థం కాదు. గనిలోంచి రాయి వస్తుంది. ఉలిపెట్టి దాన్ని పొరలు పొరలుగా చీలుస్తారు. కొలతకు కోస్తారు. అప్పుడు మా దగ్గరికి వస్తుంది. ఇసుకా నీళ్లూ వేసి, ఒకదాని మీద ఒకటి పెట్టి రుద్దుతాం. ఎక్కడా గుంట ఉండకూడదు, ఎక్కడా ఎత్తు ఉండకూడదు. అరచేత్తో తడిమితే తెలిసిపోతుంది. చివరగా అంచు. అంచు పదునుగా ఉంటే పిల్లల వేళ్లు తెగుతాయి, కొయ్య చట్రంలోకి కూడా సరిగా దూరదు. అందుకని నాలుగు వైపులా అంచును కొంచెం దించాలి. ఇది మాకు పనిలో లెక్క కాదు. పలకను పక్కన పెట్టే ముందు చెయ్యి దానంతట అదే అంచు చుట్టూ తిరిగి వస్తుంది.

సారు హైస్కూల్లో సైన్సు చెప్పేవాడు. గుంటూరు వైపు మనిషి. మాట వేరు. లావుపాటి కళ్లద్దాలు. దీపావళి అయిన కొన్నాళ్లకు కార్ఖానాకు వచ్చి, రుద్ది పెట్టిన పలకలను ఒక్కొక్కటే తీసి, మీద ఇనుప స్కేలు నిలబెట్టి, సందులోంచి వెలుతురు వస్తుందేమోనని చూస్తున్నాడు. నాలుగో పలక దగ్గర ఆగాడు.

"ఇది ఎవరు రుద్దారు?"

మేస్త్రీ నన్ను చూపించాడు. తిట్టు పడుతుందనుకుని లేచి నిలబడ్డాను.

"ఏమయ్యా, గాజు రుద్దగలవా?"

"రాయి రుద్దేటోనికి గాజు ఏం లెక్క సారూ. దేనికి, కిటికీకా?"

"చుక్కలు చూడటానికి."

మేస్త్రీ నవ్వాడు. "వానికి ఆ గాజులెందుకు సారూ, మా దగ్గర పని చేసేటోనికి పగలే చుక్కలు కనపడతాయి."

అట్లా మొదలైంది. మద్రాసులో పాత ఓడల సామాను అమ్మే చోట సారు రెండు గుండ్రటి అద్దాలు కొనుక్కొచ్చాడు. ఓడ కిటికీలవట. ఆరంగుళాల వెడల్పు, బొటనవేలంత మందం. ఒకదాన్ని బల్లకు బిగించి, మీద ఎమెరీ అనే గరుకు రాతిపొడీ నీళ్లూ వేసి, రెండోదాన్ని దానిమీద ముందుకీ వెనక్కీ తోయాలి. తోస్తూ బల్ల చుట్టూ తిరగాలి. అట్లా తోస్తూ పోతే పైదాని నడుమ గుంట పడుతుంది. ఆ గుంట పడ్డదే మనకు కావలసిన అద్దం. చుక్క వెలుతురును అది ఒకచోటికి పోగు చేస్తుంది, అక్కడ చిన్న అద్దం పెట్టుకుని చూడటమే.

ఏడేళ్లుగా గుంట పడకుండా కాపలా కాసిన చెయ్యి ఇది. ఇప్పుడు గుంట పడాలట. మొదటి వారం నాకు కుదరలేదు. తెలియకుండానే చదును చేసేస్తున్నాను. సారు కొలిచి చూసి, "మళ్లీ పలక చేశావు" అనేవాడు. తర్వాత కుదిరింది. కార్ఖానా నుంచి వచ్చి, కాళ్లూ చేతులూ కడుక్కుని, సారు అద్దె ఇంటి వెనక దొడ్లో చీకటి పడేదాకా రుద్దేవాణ్ని. కూలి ఇస్తానన్నాడు, తీసుకున్నాను. ఊరికే చేశానని చెప్పుకోను. మొదట ముతక పొడి, తర్వాత సన్నపొడి, ఆ తర్వాత గుగ్గిలమూ తారూ కలిపి పోసిన బిళ్ల మీద, కంసాలులు బంగారానికి మెరుగు పెట్టే ఎర్రపొడి. నాలుగు నెలలు.

ఆ గుంట ఎంత సరిగా ఉండాలో సారు ఒకసారి చెప్పాడు. వెంట్రుక మందాన్ని వెయ్యి పాళ్లు చేస్తే అందులో ఒక పాలు తేడా కూడా ఎక్కువేనట. నేను నమ్మలేదు. నమ్మకపోయినా రుద్దడానికి అడ్డం రాలేదు.

తప్పు ఎప్పుడు జరిగిందంటే, మార్చి నెల మొదట్లో. సారుకు బడిలో ఏదో పని ఉండి రెండు రోజులు సాయంత్రం ఆలస్యంగా వచ్చాడు. అద్దం నా ముందు ఉంది. మెరుగు వచ్చేసింది. మొహం పెడితే మొహం కనపడుతోంది. చేత్తో ఎత్తి చూశాను. అంచు వేలికి పదునుగా తగిలింది. బొటనవేలికి మెత్తటి గుడ్డ చుట్టి, ఎర్రపొడి అద్ది, అంచు చుట్టూ తిప్పుతూ కూర్చున్నాను. రెండు సాయంత్రాలు. నున్నగా దిగింది. బాగుందనుకున్నాను. సారుకు చెప్పలేదు. దాచలేదు, చెప్పవలసిన సంగతి అని తోచలేదు, అంతే.

ఆ వారంలోనే సారుకు ఆదోని వైపు బదిలీ కాగితం వచ్చింది.

ఇప్పుడు సంగతి ఏమిటంటే, అద్దానికి వెండిపూత పెట్టించాలి. పూత లేకపోతే బాగా వెలిగే చుక్కలు తప్ప ఏమీ కనపడవు. పూత పెట్టేవాళ్లు మద్రాసులో ఉన్నారు. ఆదివారం తెల్లవారుజామున పలకల లారీ మద్రాసు పోతోంది. డ్రైవరు తెలిసినవాడు, జాగ్రత్తగా తీసుకుపోయి ఇస్తానన్నాడు. కానీ బాగాలేని అద్దానికి పూత పెట్టించి లాభం లేదు. సారు నాతో ఆ మధ్యాహ్నమే చెప్పాడు.

"అద్దం మంచిదైతే రేపు లారీ ఎక్కుతుంది. కాకపోతే మళ్లీ రుద్దాలి. నేను బుధవారం వెళ్లిపోతున్నాను. అక్కడ రుద్దేవాళ్లెవరూ దొరకరు, నా చేతికి ఆ పని రాదు. ఇవాళ తేలిపోవాలి."

"తేల్చేది ఎట్ల సారూ?"

"పునర్వసు చూసి."

పునర్వసు కార్తె అంటే మాకు వాన. అది ఆకాశంలో రెండు చుక్కలని నాకు అప్పుడే తెలిసింది. మార్చి ఆఖరులో పొద్దు గుంకేసరికి నడినెత్తిన, కొంచెం ఉత్తరానికి ఉంటాయి. ఆ రెంటిలో ఉత్తరం వైపుది మామూలు కంటికి ఒకటే. మంచి అద్దంలో చూస్తే అదే మళ్లీ రెండుగా విడిపోతుందట. రెండూ దగ్గర దగ్గరగా అంటుకున్నట్టుగా ఉంటాయి. ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతాయట, ఒక చుట్టు తిరిగేసరికి నాలుగైదు వందల ఏళ్లట. అద్దంలో పిసరంత లోపం ఉన్నా ఆ రెండూ కలిసిపోయి ఒకటిగానే కనపడతాయి. రెండు కనపడితే అద్దం మంచిది, ఒకటే కనపడితే చెడ్డది. అంతే పరీక్ష.

సారే చూసుకుని తేల్చుకోవచ్చు కదా అంటారేమో. ఆయన కళ్లు అట్లాంటివి. కళ్లద్దాలు పెట్టుకున్నా, తీసినా, చుక్కకు తోకలు కనపడతాయి. "నాకు కనపడే తోక నా కంటిదో అద్దానిదో నాకే తెలియదు" అనేవాడు. అందుకని వేరేవాళ్ల కళ్లు కావాలి.

ఆ కళ్ల కోసం నేను కాక దొరికినవాళ్లు నలుగురు. లారీ డ్రైవరు, అద్దం పెట్టె తీసుకుపోవడానికి వచ్చినవాడు, అందరూ భాయ్ అని పిలిచేవాళ్లు. సారు ఇంటికి పాలు పోసే ముసలాయన. ఇంటి వెనక చేలో ఆయన గొర్రెల మంద ఉండేది, చీకట్లో కూడా తప్పిపోయిన పిల్లను కనిపెట్టే కళ్లని పేరు. చుట్టరికం కాదు, ఊరి వరస; నేనూ నా భార్యా ఇద్దరమూ మామ అనే పిలిచేవాళ్లం. సారు భార్య అమ్మగారు. నన్ను ఇంటికి తీసుకుపోవడానికి వచ్చి అక్కడే ఇరుక్కుపోయిన నా భార్య.

రేకు గొట్టం ఒక పందిరి గుంజకు తగిలించి ఉంది. అడుగున అద్దం. పైన పక్కనుంచి చూడాలి. సారు గొట్టాన్ని చుక్క మీదికి తిప్పి, తాను తప్పుకుని, పిలిచాడు.

"రండి. ఇందులో రెండు చుక్కలు కనపడాలి. కనపడుతున్నాయేమో చూసి చెప్పండి."

అది ఆయన చేసిన తప్పు. రెండు కనపడాలని ముందే చెప్పేశాడు.

డ్రైవరు మొదట చూశాడు. "సారూ, చుక్క పక్కకు పోతా ఉంది. ఇంజను ఆపినా బండి దొర్లిపోతా ఉండాది."

"భూమి తిరుగుతోంది కదా, అందుకని. నేను మళ్లీ సరిచేస్తాను. రెండు కనపడ్డాయా?"

"ఆఁ, కనపడినాయి సారూ. బ్రహ్మాండంగా ఉండాయి."

మామ గొట్టం మీద కన్ను పెట్టి పెట్టకముందే, "రెండుండాయి సామీ" అన్నాడు. పెట్టినవాడు మూసుకున్న కన్ను పెట్టాడో తెరిచినది పెట్టాడో నాకు ఇప్పటికీ అనుమానమే.

అమ్మగారు చూసి, "ఉన్నాయండీ, రెండూ ఉన్నాయి" అన్నారు.

తర్వాత నేను. కన్ను పెట్టాను. ఒకటే ఉంది. దాని చుట్టూ తెల్లటి మసక. పాలగిన్నె మీద ఆవిరి లాగా. ఎంతసేపు చూసినా ఒకటే. ముగ్గురు చూశారు, ముగ్గురికీ రెండు కనపడ్డాయి. అద్దం రుద్దింది నేను. నాకొక్కడికే ఒకటి కనపడిందంటే ఏమనుకుంటారు? "రెండుండాయి సారూ" అన్నాను. అబద్ధం.

సారు మొహం తేలికపడింది. గొట్టం దింపబోతున్నాడు. నా భార్య, "ఇంతసేపు నిలబడినా కదా, నన్నూ చూడనియ్యండి" అంది. చూసింది. అటూ ఇటూ తల తిప్పి మళ్లీ చూసింది.

"ఒకటే కదా ఉండేది. రెండోది యాడుంది?"

మామ నవ్వాడు. "ఏమే కోడలా, పెళ్లిలో అరుంధతి కనపడిందా అని అడిగితే కనపడలేదన్న పెళ్లికూతురు యాడైనా ఉంటదా? కనపడినా కనపడకపోయినా కనపడిందనాల. మా పెళ్లి మిట్టమధ్యాహ్నం అయింది, నేనూ మా ముసల్దీ ఇద్దరమూ కనపడిందన్నాము."

"మా పెళ్లి గుడిలో అయింది మామా. మాకెవురూ చుక్కలు చూపించలే. పాస్టరు గారు కాగితం చూపించినాడు, వేలిముద్ర వేసినాము."

అమ్మగారు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. సారు మాత్రం నవ్వలేదు. డ్రైవరు దిక్కు చూశాడు, మామ దిక్కు చూశాడు, ఆఖరికి అమ్మగారి దిక్కు చూశాడు. అమ్మగారు, "మీరు అంత ఆశగా అడుగుతుంటే ఏమంటాం" అన్నారు నెమ్మదిగా.

"నేను అరుంధతిని చూపించడం లేదు. రేపు ఈ అద్దం లారీ ఎక్కాలా వద్దా అని అడుగుతున్నాను."

సారు లోపలికి పోయి, చట్రం వేయని పలకలు అయిదు, బలపం ముక్కలు తెచ్చాడు. మా కార్ఖానాలో పక్కన పడేసిన పలకలే అవి.

"ఎవరూ నోరు తెరవొద్దు. ఒక్కొక్కరు చూడండి. చూసినవాళ్లు గోడ పక్కకు పోయి, ఏం కనపడిందో అదే పలక మీద గీసి, బోర్లించి పెట్టండి. చిన్నది ఏ పక్కన ఉందో అట్లాగే గీయాలి."

డ్రైవరు, "సారూ, నాకు స్టీరింగు తిప్పేది తప్ప గీసేది రాదు" అన్నాడు.

"చుక్క పెట్టడమేగా భాయ్."

మళ్లీ వరసగా చూశారు. నా వంతు వచ్చింది. చూసి గోడ పక్కకు పోయాను. ఏడేళ్లలో ఎన్ని వేల పలకలు నా చేతిలోంచి పోయాయో, ఒక్కదాని మీద ఒక్క గీత గీయలేదు. బలపం ఎట్లా పట్టుకోవాలో తెలియక పిడికిట్లో పట్టుకున్నాను. రెండు చుక్కలు పెడదామనే అనుకున్నాను. పెద్దది పెట్టాను. రెండోది ఏ పక్కన పెట్టాలి? తెలియలేదు. నోటితో రెండు అనడం తేలిక. పలక మీద ఏదో ఒక పక్కన పెట్టాలి కదా. పెట్టలేకపోయాను. వేలికి బలపం పొడి అంటుకుని ఉంటే, చుక్క చుట్టూ దాన్ని పులిమాను. కనపడినట్టే వచ్చింది. బోర్లించి పెట్టాను.

సారు లాంతరు దగ్గర అయిదు పలకలూ తిప్పాడు.

డ్రైవరు పలక మీద రెండు పెద్ద సున్నాలు, పక్కపక్కన, సమానంగా ఉన్నాయి. లారీ లైట్లే. మామ పలక మీద ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి. అమ్మగారు ఒకదాని కింద ఒకటి పెట్టారు. ఇప్పుడైతే విసర్గ అంటాను, అప్పుడు నాకు ఆ పేరు తెలియదు. నాది ఒక చుక్క, చుట్టూ పులుముడు. నా భార్యది ఒక చుక్క, చుట్టూ పులుముడు. ఆమె నాది చూడలేదు.

సారు మా రెండు పలకలూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఇందాక రెండన్నావే?"

"అందరూ అన్నారు సారూ."

"ఈ మసక చుట్టూ ఉందా, ఒక పక్కకేనా?"

"చుట్టూ ఉంది. ఒకే తీరుగా."

"ఒక పక్కకే అయితే అద్దం వంకర అని అర్థం. చుట్టూ అయితే అంచు." లాంతరు వత్తి పెంచాడు. "అంచు దగ్గర ఏమన్నా చేశావా?"

అప్పుడు వెలిగింది నాకు. నా భార్య నా దిక్కే చూస్తోంది.

"అంచు దించినాను సారూ."

"దించడం అంటే?"

"పలకకు దించినట్ల. బొటనవేలికి గుడ్డ చుట్టి, ఎర్రపొడి అద్ది. రెండు సాయంత్రాలు. వేలికి తగులుతా ఉంటే."

సారు దొడ్లో ఓ మూల పేర్చి ఉన్న పాత పలకల మీద కూర్చున్నాడు. ఆ మనిషి అరిచే మనిషి కాదు. అరిచి ఉంటే నాకు బాగుండేది.

మామే అందుకున్నాడు. "పిల్లోళ్ల వేళ్లు తెగుతాయని చేసినాడు సామీ. ఒరే అల్లుడా, ఆ గొట్టంలో ఏ పిల్లోడు చెయ్యి పెడతాడనుకుంటివిరా?"

"నాలుగు నెలలు రుద్దినావు," అంది నా భార్య. "రెండు పూటల్లో పోగొట్టినావు. అదీ ఎవురికీ చెప్పకుండా."

"అమ్మా, ఊరుకో," అన్నాడు సారు. "దాచలేదు. నేను అడగలేదు." తర్వాత నన్ను అడిగాడు, "ఎంత వెడల్పున దించావు?"

బొటనవేలు చూపించి, గోరు మొదలు దాకా గీత గీసి చూపించాను.

"అంతకంటే లోపలికి పోలేదా? బాగా గుర్తు తెచ్చుకో."

"పోలేదు. వేలు అంచు మీదనే తిరిగింది. ఆ లెక్క నా చేతికి తెలుసు సారూ."

సారు లేచి లోపలికి పోయాడు. అమ్మగారి చెప్పుల పెట్టె మూత, కంపాసు, కత్తెర తెచ్చాడు. అట్ట మీద పెద్ద సున్నా గీసి, లోపల ఇంకో సున్నా గీసి, కత్తిరించి, నడుమ భాగం తీసేశాడు. చేతి గాజు లాంటి గుండ్రటి చుట్టు మిగిలింది. దాన్ని అద్దం మీద, అంచును కప్పేట్టు పెట్టాడు. నేను చెడగొట్టినంత మేర అట్ట కింద పడిపోయింది. అమ్మగారు మాత్రం, "కొత్త చెప్పుల పెట్టె" అన్నారు.

ఈ పనికి అరగంట పట్టింది. చుక్క నడినెత్తి దాటి కొంచెం పడమటికి జరిగింది. సారు గొట్టం తిప్పి పట్టుకున్నాడు.

"ముందు నువ్వు. రెండని చెప్పొద్దు, ఒకటని చెప్పొద్దు. గీసి పెట్టు."

కన్ను పెట్టాను. వెలుతురు ఇందాకటి కంటే కొంచెం తగ్గింది. మసక లేదు. మొదట ఒకటే అనుకున్నాను. చుక్క అదురుతోంది, కుండలో నీళ్లు అదిరినట్టు. ఊపిరి బిగబట్టాను. ఒక్క క్షణం అదురు ఆగింది. రెండు. పెద్దది ఒకటి, దాని కింద కొంచెం ఎడమకు చిన్నది. రెండు జొన్నగింజలు పక్కన పెడితే నడుమ దారం దూరేంత సందు. మళ్లీ అదిరింది, కలిసిపోయాయి. మళ్లీ ఆగింది, విడిపోయాయి. సారు నా భుజం తట్టేదాకా చూశాను. పలక దగ్గరికి పోయి, పెద్దది పెట్టి, ఈసారి చిన్నదాన్ని ఎక్కడ పెట్టాలో తెలిసి పెట్టాను.

తర్వాత నా భార్య. ఆమె చాలాసేపు చూసింది. ఇంటికి పోవాలన్న సంగతే మరిచిపోయినట్టుంది. తర్వాత డ్రైవరు, మామ, అమ్మగారు.

మామ చూసి గొట్టం దగ్గరే నిలబడిపోయాడు. "ఇందాక కనపడిందంటిని గదా, అప్పుడు కనపడలే సామీ," అన్నాడు. "ఇప్పుడు కనపడింది."

"మాట్లాడొద్దన్నానుగా."

"ఎన్నుండాయో చెప్పలే కదా."

సారు పలకలు తిప్పాడు. అయిదింటి మీదా రెండేసి చుక్కలున్నాయి. అయిదింటి మీదా చిన్నది కిందనే ఉంది, ఎడమకే ఉంది. డ్రైవరు మాత్రం కొంచెం ఎక్కువ దూరంగా పెట్టాడు. అయినా పక్క తప్పలేదు.

అప్పుడు సారు కన్ను పెట్టాడు. కళ్లద్దాలతో చూశాడు. తీసి చూశాడు. చాలాసేపు. చివరికి తల ఎత్తి, "నాకు తోకలే కనపడుతున్నాయి" అన్నాడు. బాధగా చెప్పాడని రాయలేను. బడిలో హాజరు పిలిచినట్టు చెప్పాడు. మళ్లీ పలకల దగ్గరికి వచ్చి, వాటిని వరసగా గోడకు ఆనించి, లాంతరు దగ్గర పెట్టి చూశాడు. ఆ చుక్క విడిపోవడం ఆయన చూసింది ఆ పలకల మీదనే.

"లారీ ఎప్పుడు బయలుదేరుతుంది?"

"నాలుగింటికి సారూ," అన్నాడు డ్రైవరు.

"తీసుకుపో. అద్దం కింద దూదీ, మీద దూదీ పెట్టి ఇస్తాను. పలకల మధ్య పెట్టొద్దు, నీ సీటు పక్కన పెట్టుకో. పూత పెట్టేవాళ్లకు చెప్పు, ఈ అట్ట కూడా అద్దంతోనే తిరిగి రావాలని."

నాతో ఒక్క మాటే అన్నాడు. "ఆరంగుళాలది అడిగాను. అయిదంగుళాలది ఇచ్చావు."

అయిదంగుళాలది బాగుందనే మాట కూడా అందులోనే ఉంది. అది ఇంటికి పోయే దారిలో నా భార్య చెబితే గాని నాకు తెలియలేదు. అద్దం లారీ ఎక్కింది. పూత పడి, డ్రైవరు చేతి మీదుగా మంగళవారానికే తిరిగి వచ్చింది. బుధవారం సారు దాన్ని తీసుకుని వెళ్లిపోయాడు. తర్వాత దాంతో ఎన్ని చుక్కలు చూపించాడో, ఎవరి కళ్లతో చూశాడో నాకు తెలియదు.

తర్వాత కూడా ఏళ్ల తరబడి పలకలు రుద్దాను. అంచు దించకుండా ఒక్కటి కూడా పంపలేదు. పలకకు అది మంచిదే.

ఆ శనివారం సారు పెట్టె కట్టకముందు ఒక పని చేశాడు. పలకల మీది బొమ్మలు అయిదూ నోటుబుక్కులోకి ఎక్కించి, ఏది ఎవరిదో పక్కన రాశాడు. డ్రైవరు, "నా లైసెన్సు నంబరు కూడా కావాల్నా సారూ?" అన్నాడు. "మనిషి చాలు" అన్నాడు సారు. ఆ పుస్తకం ఇప్పుడు ఎక్కడ ఉందో తెలియదు. అందుకని అందులో ఉన్నవాళ్లను నేను ఇక్కడ రాసి పెడుతున్నాను. సొంత పేర్లు, ఇంటి పేర్లు అక్కర్లేదు.

ఆ రోజు ఆ దొడ్లో ఉన్నవాళ్లం ఆరుగురం. హైస్కూలు సైన్సు సారు. చెప్పుల పెట్టె ఇచ్చిన అమ్మగారు. మద్రాసు లారీ నడిపే భాయ్. గొర్రెల మంద మామ. ఒకటే ఉందని చెప్పిన నా భార్య. అంచు దించిన నేను.